నాలుగో గట్టు అల్లుడు

మొన్న లైన్ సర్వే పని మీద అశ్వారావుపేట దాటి అడవి రోడ్డున జీపులో పోతుంటే, ఒక మలుపు దగ్గర గుప్పున వాసన తగిలింది. చెట్ల కింద ఇప్పపూలు రాలి పసుపుపచ్చగా పరుచుకుని ఉన్నాయి. దేన్నయినా విడదీసి చూడటం నాకు అలవాటు. ఆ వాసనలో మూడున్నాయి: పులిసిన బెల్లం, తడిసిన గోనెసంచి, ఎండకు కాగిన ఆకు. మూడూ కలిసి నన్ను పదో తరగతి చివరి నెలలోకి తీసుకుపోయి దించాయి. నాలో నేనే నవ్వుకుంటుంటే డ్రైవరు అద్దంలో చూసి, "ఏంది సార్, ఇంట్ల ఏమన్న శుభకార్యమా?" అని అడిగాడు.

ఆ నెలంతా నాకు ఒకటే ధ్యాస. బోర్డు మీద పేరు ఎక్కాలి.

మా ఊరికి ఒక పక్క అడవి, ఒక పక్క మిరప చేలు. మాలాంటి రైతు కుటుంబాలు తాతల కాలంలో కోస్తా వైపు నుంచి బండ్లు కట్టుకుని వచ్చినవి. అడవి లోపల కోయగూడేలు, వాగు అవతల లంబాడీ తండా, భద్రాచలం బస్సు ఆగే చోట ఉర్దూ మాట్లాడే ఇళ్ళు. బస్సు దిగినవాడు గురువారం సంతలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిస్తే నాలుగు భాషలు చెవిన పడేవి. అయినా బళ్ళో మాకు భాషలంటే మార్కుల కాగితంలో మూడు గళ్ళు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు. మూడింటిలోనూ ఫస్టు నేనే.

అందుకే హెడ్మాస్టరు ఆ సోమవారం ప్రార్థన అయ్యాక చెప్పిన మాట నా కోసమే చెప్పినట్టు అనిపించింది. ఆయన్ని అందరం పెద్దసారు అనేవాళ్ళం. వైరా దగ్గరి మనిషి. మాట్లాడేముందు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచేవారు. ఎంత ముఖ్యమైన మాటైతే అంతసేపు తుడిచేవారు. ఆ రోజు చాలాసేపే తుడిచారు.

"ఈసారి పది అయిపోయి బడి దాటి పోయేటోళ్ళల్ల, సొంత భాష గాక ఇంకో భాష వచ్చినోళ్ళ పేర్లు నా రూముల బోర్డు మీద రాయిస్త. నీలం రంగుతోని. సర్టిఫికెట్ గూడ ఇస్త."

ఆ సాయంత్రానికే నాన్న ఎరువుల దుకాణంలో నలుగురికి చెప్పి వచ్చారు. "మొదటి పేరు మావాడిదే." అమ్మ చేగోడీలు వేయించింది. అదే రోజు మా నాయనమ్మ పెరట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తూ, "రెండు భాషలంటే మెళ్ళో రెండు పతకాలేస్తారంట్రా?" అని అడిగింది. "పతకం కాదు, పేరు రాస్తారు" అన్నాను. "ఆ, పేరైతే అరగదు, నయమే" అంది.

మర్నాడు నోటీసు బోర్డు మీద నియమాలు పడ్డాయి. పొల్లు పోకుండా రాసుకున్నాను. ఇంట్లో మాట్లాడే భాష లెక్కలోకి రాదు. మార్కులు లెక్కలోకి రావు. ఆ భాషను పుట్టినప్పటి నుంచి మాట్లాడే పెద్దమనిషి ఒకరు సాక్షిగా ఉండాలి, బడి పంతుళ్ళు కాకూడదు, చుట్టం కాకూడదు. ఆ సాక్షితో పావుగంట సొంత భాష ముక్క లేకుండా మాట్లాడాలి. చివర్లో సాక్షి తన నోటితో "వచ్చు" అనాలి, సంతకమో వేలిముద్రో వెయ్యాలి.

మూడో నియమం దగ్గర నా పెన్ను ఆగిపోయింది. ఇంగ్లీషును పుట్టినప్పటి నుంచి మాట్లాడే మనిషిని మా ఊళ్ళో ఎక్కడ పట్టుకురావాలి?

మిషన్ దవాఖానాలో కేరళ నుంచి వచ్చిన నర్సమ్మ ఉండేవారు. సైకిలు మీద నాలుగు మైళ్ళు తొక్కి పోయాను. ఆవిడ నా ఇంగ్లీషు విని, బుగ్గ గిల్లి, "బాగుంది బాబూ. కానీ నాది మలయాళం. దేవుడి ముందు అబద్ధం ఎట్లా చెప్తాను?" అన్నారు. రెండు బిస్కట్లు పెట్టి పంపారు. ఇంగ్లీషు మీద గీత కొట్టేశాను.

హిందీకి ఆశ ఉంది. వెదురు తోలే లారీలు చెక్‌పోస్టు దగ్గర ఆగేవి. ఉత్తరాది పాగా చుట్టిన డ్రైవరు ఒకాయన కనిపించగానే ఎదురుగా నిలబడి, వృక్షాల వల్ల కలిగే లాభాల మీద నేను కంఠస్థం చేసిన వ్యాసం మొదలుపెట్టాను. ఆయన ఉల్లిపాయ నములుతూ రెండు పేరాల దాకా ఓపిగ్గా విన్నాడు.

"బహుత్ అచ్ఛా బేటా. మగర్ తూ హై కౌన్?"

నువ్వెవరని అడుగుతున్నాడు. ఆ ప్రశ్న వ్యాసంలో లేదు. నేను మూడో పేరాలోకి వెళ్ళిపోయాను. ఆయన క్లీనరు వైపు తిరిగి ఏదో అన్నాడు, ఇద్దరూ లారీ తలుపులు ఊగేలా నవ్వారు. బండి కదిలింది. దుమ్ములో నిలబడి నాలుగో పేరా నాకు నేనే చెప్పుకున్నాను.

లెక్క తేలింది. మూడు భాషల్లో ఫస్టు వచ్చే నాకు, పెద్దసారి లెక్కలో వచ్చిన భాషలు సున్నా. ఫేర్‌వెల్‌కి ఇంకా ఇరవై మూడు రోజులు. ఎరువుల దుకాణం వైపు వెళ్ళడం మానేశాను.

నా బెంచీలో నా పక్కన కూర్చునేవాడు హాస్టలు కుర్రాడు, అడవి లోపలి గూడెం వాడు. లెక్కల్లో ముప్ఫై అయిదుకీ ముప్ఫై ఆరుకీ మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికేవాడు. వాడికి అప్పటికే మూడు సంతకాలు అయిపోయాయి. తెలుగుకు టీ కొట్టాయన. ఉర్దూకు సైకిల్ షాపు చాచా. ఆదివారాలు వాడు అక్కడే పంక్చర్లు వేసేవాడు. లంబాడీకి మిరపకోతల్లో వాడితో పోటీపడి కాయలు తెంపిన తండా అవ్వ. వాడు ఎక్కడా కూర్చుని నేర్చుకోలేదు. పని చేసిన చోటల్లా మాట అంటుకుంది, అంతే.

"గంత మొకం ఏంది?" అన్నాడు. "మా మాట నేర్చుకో. నేను చెప్తగద."

"ఇరవై మూడు రోజుల్లో వస్తుందా?"

"నా చెల్లెకు రెండేండ్లల్ల వచ్చింది. నువ్వు తెలివిగల్లోనివి గద, జల్దీ వస్తది."

ఒప్పందం కుదిరింది. నేను వాడికి బీజగణితం, వాడు నాకు కోయమాట. రోజూ సాయంత్రం హాస్టలు వెనక బావి గట్టు మీద. ఫీజు కింద అమ్మ చేగోడీలు జేబుల్లో దాచి తీసుకుపోయేవాణ్ణి. వాడు తునికిపండ్లు, వేయించిన చింతగింజలు పెట్టేవాడు. గంగాళంలో పప్పుచారు మరుగుతున్న వాసన, ఉడికే దొడ్డు బియ్యం వాసన, మా పక్కన గోడెక్కి కూర్చున్న చిన్న పిల్లల గోల. నేను తప్పు పలికినప్పుడల్లా ఆ పిల్లలు గోడ మీద నుంచి కింద పడిపోయేలా నవ్వేవాళ్ళు.

నేర్చుకోవడమంటే నాకు తెలిసిన పద్ధతి ఒకటే. రెండొందల పేజీల నోటుబుక్కు తీసుకుని, స్కేలు పెట్టి నాలుగు నిలువు గళ్ళు గీశాను. వరస నంబరు, తెలుగు మాట, కోయమాట, ఎన్నిసార్లు తప్పాను. చెట్లు ఒక చోట, పనిముట్లు ఒక చోట, శరీర భాగాలు ఒక చోట. పది రోజుల్లో మూడు వందల పన్నెండు మాటలయ్యాయి. నోటుబుక్కు నాయనమ్మ కంటపడింది.

"అడవి మాట నేర్చుకుని ఏం చేద్దామనిరా? తేనె పిండుతావా?"

"సర్టిఫికెట్టు వస్తుంది నాయనమ్మా."

"సరేలే. నాకూ ఒకటి చెప్పు, మా కూలి పిల్ల నన్ను నవ్వుతూ ఏదో అంటుంది, తిట్టో ఏమిటో తెలుసుకోవాలి."

నేను పుస్తకం తెరిచి, పొయ్యి, రోకలి, జల్లెడ వరసగా అప్పజెప్పాను. ఆవిడ విని, "సామాన్లన్నీ ఉన్నాయి గానీ కాపురం లేదురా ఇందులో" అంది.

నా బెంచీవాడు కూడా సరిగ్గా అదే కనిపెట్టాడు. పన్నెండో రోజు నోటుబుక్కు తిరగేసి, "గిట్ల ఎవ్వరు మాట్లాడరు. మావోళ్ళు నీతోని గొడ్డలి, గంప అని లిస్టు చదువుతరా? ముందుగాల తిన్నవా అంటరు. ఏ ఊరంటరు. తర్వాత ఎన్నో గట్టని అడుగుతరు" అన్నాడు.

గట్టంటే ఏమిటో అప్పుడే తెలిసింది. కోయవాళ్ళలో ఇంటిపేర్లన్నీ కొన్ని గట్ల కింద ఉంటాయి. వాటికి నంబర్లు. ఎదుటి మనిషి ఎన్నో గట్టో తెలిస్తే, అన్న అనాలా, బావ అనాలా, అత్త అనాలా తేలిపోతుంది. అది తేలకుండా మాట ముందుకు సాగదు.

నంబర్లు అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. "మరి నాకు గట్టు లేదు కదా?"

"నువ్వు మా వానివేనాయె. ఏదో ఒకటి పెట్టుకో."

నేను ఏదో ఒకటి పెట్టుకునే రకం కాదు. హాస్టల్లో గది గదికీ తిరిగి ఎవరిది ఎన్నో గట్టో రాసుకున్నాను. నాలుగోది అన్నిటికన్నా ఎక్కువమందిది. ఎక్కువమందికి అన్నదమ్ముణ్ణయితే గొడవ తక్కువ అనేది నా లెక్క. నాలుగో గట్టని ఖాయం చేసుకుని వాడికి చెప్పాను. వాడు ఒక్క క్షణం నా వైపు చూసి, చింతగింజ కొరికి, "మంచిది" అన్నాడు. ఆ క్షణాన్ని నేను సరిగా చదవలేకపోయాను.

ఫేర్‌వెల్‌కి ఆరు రోజుల ముందు, గురువారం. సంతలో పెద్దసారు చింతచెట్టు నీడన కుర్చీ వేసుకుని, డ్రిల్లు మాస్టారి విజిలు మెళ్ళో వేసుకుని కూర్చున్నారు. నా సాక్షి చీపుర్లు, అడ్డాకులు, చింతపండు అమ్మే ఒక ముసలామె. చెవుల అంచు పొడుగునా రింగులు, నోట్లో పొగాకు. నా వెనక హాస్టలు పిల్లలు ముప్ఫై మంది. నోటుబుక్కు చొక్కా లోపల దోపుకుని ఉన్నాను; తెలుగు మాట్లాడకూడదన్నారు గానీ పుస్తకం చూడకూడదని నియమాల్లో లేదు.

విజిలు మోగింది.

ఆమె కోయలో అన్న మాటలను తెలుగులోకి మార్చి రాస్తున్నాను. "తిన్నవా?" అంది. తిన్నానన్నాను. "ఏ ఊరు?" చెప్పాను. "ఎన్నో గట్టు?"

"నాలుగో గట్టు" అన్నాను, లెక్కల జవాబు చెప్పినంత ధీమాగా.

ముసలామె పొగాకు ఉమ్మేసింది. నన్ను కింద నుంచి పై దాకా చూసింది. తర్వాత పక్క దుకాణాల ఆడవాళ్ళకు వినబడేలా ఒక కేక పెట్టింది. "అల్లుడొచ్చిండే! నాకు అల్లుడొచ్చిండు!"

ఆమెది నాలుగో గట్టుకు పిల్లనిచ్చే వరస. హాస్టలందరి గట్లూ లెక్కపెట్టిన నేను, ఆమె గట్టు ఒక్కటే కనుక్కోలేదు. తిరిగి చూస్తే నా బెంచీవాడు చింతచెట్టు మొదలు పట్టుకుని నవ్వలేక ఏడుస్తున్నాడు.

"అల్లుడంటే వట్టిగ వస్తడా?" అంది ఒకామె. "కాళ్ళు సన్నగున్నయ్, పని చేస్తడా?" అంది ఇంకొకామె. వాళ్ళలో పెళ్ళికి ముందు అల్లుడు అత్తగారింట్లో పని చేసి చూపించే ఆచారం ఉందట. ఏం జరుగుతోందో నాకు తెలిసేలోగా చింతపండు గంప నా నెత్తి మీద ఉంది. సంత ఆ చివర తూకం వేసే షావుకారు దగ్గరికి నడవమంది ముసలామె.

రెండు చేతులూ గంపకే చాలడం లేదు. నోటుబుక్కు చొక్కాలో చెమటకు తడుస్తోంది, తీసే దారి లేదు. ఆమె వెనక నడుస్తూ అడుగుతూనే ఉంది. మీ ఇంట్లో ఎంతమంది? నాగలి పట్టడం వచ్చా? మా పిల్లకు ఏం పెడతావు? వెతుక్కుంటూ, మింగుతూ, ఒక్కోసారి మాట దొరక్క కాలితో చూపిస్తూ చెప్పాను. "చేగోడీలు పెడతాను" అన్నట్టు ఏదో చెప్పాను. దానికి కోయలో మాట లేదు గనక, గుండ్రంగా ఉంటుంది, కరకరలాడుతుంది అన్నాను. ఆమె గాజు గురించి అనుకుందేమో, "పండ్లు ఊడుతయ్ గద అల్లుడా!" అంది. సంతంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చి గంప ఒక పక్కకు ఒరిగింది. ఒక చీపుర్ల కట్ట కూడా చేరింది పైన. పావుగంట గంటన్నర అయింది. విజిలు వెయ్యడం పెద్దసారు మర్చిపోయారు.

చివరికి ఆయన కళ్ళజోడు తుడుచుకుని అడిగారు. "ఏమంటవ్ అవ్వా? ఈ పిలగానికి మీ మాట వచ్చునా?"

ముసలామె నా వైపు ప్రేమగానే చూసింది. తెలుగులోనే చెప్పింది. "రాదు సారూ."

"కొద్దిగ గూడ రాదా?"

"మా ఊరికొస్తే ఉపాసం ఉండడు. గానీ వచ్చు అనాల్నంటే, అబద్దం ఎట్ల చెప్పను? అడిగితే చెప్తుండు. వాని అంతట వాడు ఒక్క మాట మాట్లాడలే."

పెద్దసారు స్టాంపు ప్యాడు మూత పెట్టేశారు. నియమం నియమమే. మళ్ళీ సంత ఫేర్‌వెల్ అయ్యాక మర్నాడు.

ఆ వారం హాస్టలుకు నోటుబుక్కు లేకుండానే పోయాను. ఎలాగూ చెమటకు సిరా అలుక్కుపోయి సగం మాటలు కనబడటం లేదు. బీజగణితం మాత్రం చెప్పాను, అదీ వాడి మాటలోనే చెప్పబోయి వాణ్ణి ఇంకా అయోమయంలో పడేశాను. "ముందే తెలుసు కదా నీకు, ఆమెది ఏ గట్టో?" అని అడిగాను. "తెలుసు. చెప్తే మజా ఏముంటది?" అన్నాడు. చిన్నపిల్లలు నన్ను పేరుతో పిలవడం మానేసి 'బావా' అనడం మొదలుపెట్టారు. నేనూ వాళ్ళను తిట్టడం నేర్చుకున్నాను. పేరు ఎక్కదని తెలిశాక భయం పోయింది కాబోలు, ఆ ఆరు రోజులు నాకు నవ్వడానికే సరిపోయాయి. నాన్నకు చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

ఫేర్‌వెల్ రోజు తాటాకు పందిరి వేశారు. కారప్పూస, బూంది పొట్లాలు కట్టారు. డ్రాయింగు మాస్టారు బోర్డును బయటికి తెచ్చి రెండు బల్లల మీద నిలబెట్టారు. పచ్చి రంగు వాసన. మా నాన్న రెండో వరసలో ఇస్త్రీ చొక్కాలో, పక్కన నాయనమ్మ. ఆరు పేర్లు చదివారు. మొదటి పేరు నా బెంచీవాడిది, మూడు భాషలు. వాడి అయ్య గూడెం నుంచి వచ్చి, చేతులు కట్టుకుని ఆ నీలం అక్షరాల వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆరో పేరు అయిపోయింది. నాన్న నా వైపు చూశారు. నేను బూంది పొట్లం వైపు చూశాను.

అప్పుడు పందిరి వెనక గోల. చింతపండు గంప నెత్తిన పెట్టుకుని ముసలామె వస్తోంది. సంత రేపైతే, పేర్లు ఈ రోజే రాస్తారని గూడెంలో విని ఆమె ఈ రోజే బయల్దేరింది. బస్సు ఆపలేదట, అడవిలో నుంచి నడిచి వచ్చింది. కాళ్ళ నిండా ఎర్రటి దుమ్ము. పందిరి మధ్యలో నుంచి సరాసరి ముందుకు నడిచి, ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఏమీ అనలేదు. ఏమీ అడగలేదు.

నేను ఎందుకు లేచానో నాకు తెలియదు. ఎదురు పోయి గంప అందుకుని నా నెత్తికి ఎత్తుకున్నాను. "ఇంత ఎండల నడిచొస్తరా అత్తా? చెప్పంపితే నేను రానా? కూసో, నీళ్ళు తెస్త. నువ్వు తినంది ఈడ ఎవ్వరూ తినరు" అన్నాను. ఇది తెలుగులో రాస్తున్నాను గానీ, అన్నది కోయలో. గోడ మీది పిల్లలు ఎప్పటిలా నవ్వలేదు. పందిరి తాటాకులు రాలేలా అరిచారు.

ముసలామె పెద్దసారి వైపు తిరిగింది.

"ఇప్పుడు వచ్చు. రాసుకో సారూ."

ఆయన కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టి, ఆపకుండా చాలాసేపు తుడిచారు. ఆమె వేలిముద్ర వేసింది. డ్రాయింగు మాస్టారు ఏడో పేరుకు చోటు చాలక అడుగున ఇరికించి రాశారు. నాయనమ్మ ఆ అక్షరాలను వేలితో తడిమి, నీలం అంటిన వేలు నాన్నకు చూపించి, "ఒరేయ్, నిజంగానే రాశార్రా" అంది. నాన్న లేచారు. పోయి ముసలామెకు కుర్చీ తెచ్చి వేశారు. ఆమె కుర్చీలో కూర్చోలేదు, దాని పక్కన నేల మీద కూర్చుని నీళ్ళు తాగింది.

ఆ బడి భవనం తర్వాత కూలగొట్టారు. బోర్డు ఏమైందో ఎవరికీ తెలియదు. గురువారం సంత ఉన్న చోట ఇప్పుడు బస్టాండు ఉంది. పెద్దసారు లేరు. ముసలామె నేను పాలిటెక్నిక్‌లో ఉండగా పోయిందని నా బెంచీవాడు ఉత్తరం రాశాడు. వాడు గూడెం బళ్ళోనే పంతులయ్యాడు. లెక్కలు కూడా చెప్తాడట.

మిగిలింది ఒక గ్రూపు ఫొటో. పొద్దు వాలుతోందని ఫొటోగ్రాఫరు తొందరపెట్టి అందరినీ వరసలో నిలబెట్టాడు. గంప దించమని అత్త చెప్పలేదు, నేనూ మరిచిపోయాను. అందుకని వెనక వరసలో ఎడమ నుంచి నాలుగోవాడి నెత్తి మీద చింతపండు గంప ఉంటుంది. తెలియనివాళ్ళు ఎవరో కూలి కుర్రాడు అడ్డమొచ్చాడనుకుంటారు. ముసలామె ఫొటోలో లేదు. ఆమె ఫొటోగ్రాఫరు వెనక నిలబడి, "గంప సక్కగ పట్టు అల్లుడా, పడుతది!" అని అరుస్తూ ఉంది. అందుకే ఆ ఫొటోలో ఒక్కరు కూడా కెమెరా వైపు చూడరు. పెద్దసారితో సహా అందరూ కొంచెం పక్కకు చూస్తూ, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతుంటారు.